ఓర్పు నేర్వవలసినవారెవరు?

"ఓర్చినమ్మకు తేటనీరు" అని తెలుగున ఒక సామెత కలదు. చెరువు నీరు కలగినప్పుడు తొందరపడి బిందె ముంచినవారికి బురదనీరే దక్కును. అడుసు అడుగంటువరకు గట్టుపై నిలిచినవారికి తేటనీరు లభించును. ఈ సామెతను నల్లబల్లపై వ్రాసి ఓర్పు గొప్పదనమును బోధించు ఉపాధ్యాయులు నేటికిని కలరు. బోధన మంచిదే. కాని సామెత చెప్పక విడిచినది ఒకటి కలదు. ఆ నీటిని కలచినవారెవరు? తేరిన నీటిని వారు మరల మరల కలచుచునే యున్నచో, గట్టుపై నిలిచిన యామె ఎంతకాలము నిలువవలెను?

1985 జూలై 16న నాటి ప్రకాశం జిల్లాలోని కారంచేడున ఈ ప్రశ్న నిజముగా చెరువుగట్టుననే పుట్టినది. మాదిగపల్లె వారు త్రాగు మంచినీటి చెరువులో గేదెల కుడితి, కడుగునీరు కలియుచుండుట చూచి ఒక దళిత యువకుడు వలదని పలికెను. భూస్వామి కుటుంబములకు చెందిన యువకులు అతనిని కొట్టబోగా, నీళ్లకై వచ్చిన ఒక స్త్రీ అడ్డుపడెను. ఆమెపైకిని చేయి లేచినది. ఆమె తన బిందెను పైకెత్తెను. చెరువు కడ జరిగినది అంతే. మరునాడు, జూలై 17న, పెద్దగుంపు ఆయుధములతో మాదిగపల్లెపై బడినది. ఆరుగురు పురుషులు హతులైరి. స్త్రీలు అత్యాచారమునకు గురియైరి. ఒక బిందె నెత్తినందుకు ఆ పల్లె చెల్లించిన వెల అది.

ఇంత స్వల్పమైన కారణమునుండి ఇంత ఘోరమైన కార్యము ఎట్లు పుట్టినది? ఈ ప్రశ్నకు చట్టము ఒక సమాధానము చెప్పును, అర్థశాస్త్రము మరియొకటి చెప్పును. పాఠశాలలో నిత్యము పిల్లల మనసులతో పనిచేయువారికి మాత్రము మనస్తత్త్వశాస్త్రము చెప్పు సమాధానము కూడ తెలిసియుండవలెను.

హతులకును హంతకులకును నడుమ పరిచయము లేకపోలేదు. వారు ఒకరినొకరు పేరుపేరున ఎరుగుదురు. గుంటూరు, ప్రకాశం సీమలలో సేద్యమనగా పదిచేతులు కూడిన పని. నల్లరేగడిలో పత్తి తీయవలెనన్నను, మాఘఫాల్గుణములలో మిరపకాయ కోయవలెనన్నను కూలివాడలు కదలనిదే పని సాగదు. కోసిన కాయను కళ్లమున ఆరబోసి, తాలుకాయను వేరుచేసి, టిక్కీలకెత్తి గుంటూరు మిరపయార్డునకు చేర్చువరకు రైతును కూలీయు ఒకే ఘాటునకు తుమ్ముదురు, ఒకే మబ్బునకు భయపడుదురు. ఏ యింటి పిల్లకు పెండ్లి కుదిరినదో, ఏ యింట ముసలివానికి జబ్బు చేసినదో ఉభయులకును తెలియును. ఇట్టి ఊళ్లను చూచినవారు "ఇచ్చట అందరును కలిసిమెలిసి యున్నారు" అని పలుకుట కలదు. కలిసియుండుట నిజము. మెలిసియుండుట నిజమా యనునదే ప్రశ్న.

ఈ రెంటికిని గల భేదమును 1954లో గార్డన్ ఆల్‌పోర్ట్ అను అమెరికా శాస్త్రజ్ఞుడు స్పష్టపరచెను. జనవర్గముల నడుమ దురభిప్రాయము లెట్లు పుట్టునో, ఎట్లు తొలగునో విచారించిన ఆయన, కేవలము ఒకచోట మసలినంత మాత్రమున మనసులు కలియవని తేల్చెను. కలయిక మేలు చేయవలెనన్న నాలుగు నియమములు ఉండవలెను. మొదటిది, ఆ కలయికలో ఇరువురకును సమానమైన అంతస్తు. రెండవది, ఇరువురకును చెందిన ఒకే లక్ష్యము. మూడవది, దానిని సాధించుటలో పరస్పర సహకారము. నాలుగవది, చట్టము, అధికారము, పెద్దలు ఆ సమానత్వమునకు అండగా నిలుచుట. ఈ నాలుగును లేని కలయిక దురభిప్రాయమును తొలగింపదు సరికదా, కొన్ని వేళల పెంచును.

ఈ కొలబద్దను మిరపకళ్లమునకు తెచ్చి చూడవలెను. అంతస్తు సమానము కాదు. ఒకరిది పొలము, ఒకరిది నడుము. లక్ష్యము కొంతవరకే ఒకటి. వాన రాకూడదని ఇరువురును కోరుదురు గాని, కూలి ఎంత యనుకడ ఇరువురి కోరికలును ఎదురెదురుగా నిలుచును. సహకారము కలదు, కాని అది ఒకరు చెప్పుట, ఒకరు చేయుట యను రూపమున కలదు. ఇక పెద్దల అండ తరతరములుగా సమానత్వమునకు గాక ఎచ్చుతగ్గులకే లభించినది. కావున నూరేండ్లు ఒకే కళ్లమున పనిచేసినను మనసుల నడుమ గట్టు తెగకపోవుట వింత కాదు. తెగియుండినచో వింత.

అదే 1954 వేసవిలో ముజఫర్ షెరిఫ్ అను మరియొక శాస్త్రజ్ఞుడు అమెరికాలోని ఓక్లహోమా రాష్ట్రమున, పదునొకండు పండ్రెండేండ్ల బాలురను ఇరువదిరెండు మందిని రెండు జట్లుగా చేసి ఒక శిబిరమున ఉంచెను. ఆటలపోటీలు పెట్టగా కొద్దిదినములలోనే తిట్లు, జెండాలు కాల్చుట, బసలపై దాడులు మొదలైనవి. వారిని కలుపుటకు ముందుగా ఒకేచోట భోజనము పెట్టించెను. వారు అన్నము ఒకరిపైనొకరు విసరుకొనిరి. అటుపై శిబిరమునకు వచ్చు నీరు ఆగిపోవునట్లు ఏర్పాటు చేసెను. దప్పికగొన్న రెండు జట్లును కూడి నీటితొట్టి కడకు పోయి లోపమును వెదకినవి. ఇట్టి ఉమ్మడి పనులు నాలుగైదు జరిగినంతట శత్రుత్వము సడలినది. కలిసి తిన్నపుడు కలియని మనసులు, కలిసి నీరు తెచ్చుకొన్నపుడు కలిసినవి.

ఈ ప్రయోగము కథగా చెప్పుటకు సొంపుగా నుండును. కాని దానిని తెలుగుపల్లెకు యథాతథముగా అన్వయించుట పొరపాటు. ఆ బాలురు ఒకే వయసువారు, ఒకే విధమైన కుటుంబములవారు. వేసవి ముగియగనే జట్లును ముగిసినవి. మన ఊళ్లలో కులములు ఎదురెదురుగా నిలిచిన జట్లు కావు, ఒకదానిపై నొకటి పేర్చిన మెట్లు. డాక్టర్ అంబేద్కర్ కులవ్యవస్థను మెట్లుమెట్లుగా నమర్చిన అసమానత యని నిరూపించుటలోని కీలకమిదే. ప్రతి మెట్టుపై నున్నవానికిని క్రింద ఒకడు కనబడును. జట్ల నడుమ పోరును ఉమ్మడిపని చల్లార్చవచ్చును. మెట్ల నడుమ పోరునకు ముందు మెట్టే కదలవలెను. 1927 మార్చి 20న మహద్ చెరువునకు ఆయన వేలమందిని నడిపించి నీరు ముట్టుట దప్పిక తీర్చుకొనుటకు మాత్రమే కాదు. నీటి యెదుట మనుష్యులందరును సమానులని చాటుటకు.

ఈ మెట్లు రాతితో కట్టినవి కావు, మాటలతో కట్టినవి. తెలుగు బోధించువారికి ఇది సులభముగా గోచరింపవలెను. వాడు, అతడు, ఆయన, వారు అని ఒక్క ప్రథమపురుషకే ఇన్ని అంతరువులు గల భాష తెలుగు. వ్యాకరణమున ఇవి సర్వనామములు. వీథిలో ఇవి అంతస్తులు. పదేండ్ల బాలుడు తండ్రి వయసుగల పాలేరును "ఒరేయ్" అని పిలుచుటయు, ఆ పాలేరు ఆ బాలుని "చిన్నయ్యగారూ" అనుటయు ఈ సీమలో మొన్నమొన్నటివరకు ఎవరి చెవికిని తప్పుగా తోచలేదు. పల్లెలో బాబాయి, మామ, అన్న యను వరుసలు కులములు దాటి వినబడుట నిజమే. కాని వరుస కలిపినంతమాత్రమున గ్లాసు కలియలేదు. టీ అంగళ్లలో రెండు గ్లాసుల పద్ధతి యున్నదని రాష్ట్రప్రభుత్వము నియమించిన జస్టిస్ పున్నయ్య సంఘము ఇరువదియొకటవ శతాబ్ది ఆరంభమున కూడ గుర్తింపవలసివచ్చినది.

ఇట్టి పలుకులు దినమునకు పదిసార్లు వినుచు మనిషి ఎట్లు బ్రతుకును? అవమానము కలిగినప్పుడు మనసు దానిని ఏమి చేసికొనును? దీనికి రిచర్డ్ లాజరస్, సూసన్ ఫోక్‌మన్ అను శాస్త్రజ్ఞులు 1984లో ఒక వివరణ నిచ్చిరి. కష్టమును ఎదుర్కొనుటకు మనిషికి ముఖ్యముగా రెండు మార్గములు కలవు. కష్టమునకు మూలమైన పరిస్థితిని మార్చుట ఒకటి. పరిస్థితిని అట్లే ఉంచి, దానివలన కలిగిన దుఃఖమును, కోపమును సముదాయించుకొనుట రెండవది. పరిస్థితిని మార్చు శక్తి తనకు కలదని తోచినప్పుడు మనిషి మొదటి మార్గమును, లేదని తోచినప్పుడు రెండవదానిని పట్టును. కావున ఒక జనవర్గము మిక్కిలి ఓర్పు గలదిగా కనబడినచో అది వారి స్వభావమని తలపరాదు. వారి చేతులు ఎంతగా కట్టబడినవో ఆ ఓర్పు తెలుపుచున్నది.

ఈ సీమలో ఆ సముదాయింపు అనేక రూపములు దాల్చినది. నాట్లలో, కోతలలో పాడు పాట ఒకటి. ఆదివారము ప్రార్థనలో కన్నీరు విడుచుట ఒకటి. దొరను అనుకరించి వాడలో నవ్వించుట ఒకటి. కల్లుపాక ఒకటి. "కడుపు చించుకొన్న కాళ్లమీద పడును" అను సామెతను తలచి నోరు మూసికొనుట మరియొకటి. వీనిలో కొన్ని మనిషిని నిలబెట్టినవి, కొన్ని కూల్చినవి. కాని ఏదియు గ్లాసును మార్చలేదు.

ఈ మార్గములను శాస్త్రము వర్గీకరింపక పూర్వమే గుంటూరు సీమ సాహిత్యము చిత్రించినది. ఉన్నవ లక్ష్మీనారాయణ రాయవేలూరు చెరసాలలో వ్రాసిన 'మాలపల్లి' నవల 1922లో వెలువడినది. నాటి ప్రభుత్వము దానిని నిషేధించినది. అందలి ఒక్క కుటుంబముననే మూడు మార్గములు కనబడును. తండ్రి రామదాసు వేదాంతమును ఆశ్రయించి దుఃఖమును జయింప యత్నించును. కుమారుడు సంగదాసు స్నేహమును, సంస్కారమును నమ్మి పైవర్ణపు యువకునితో చేయి కలుపును, తుదకు యజమాని ఆగ్రహమునకు బలియగును. మరియొక కుమారుడు వెంకటదాసు కోపమును ఆయుధముగా ధరించి, అడవిబట్టి, కలవారిని దోచి లేనివారికి పెట్టువాడగును. ముగ్గురును ఒకే అవమానమును ఎదుర్కొనిరి. ముగ్గురకును త్రోవలు వేరైనవి. ఏ త్రోవయు ఒంటరిగా గమ్యము చేర్చలేదు. నవల చదివించు ఉపాధ్యాయులు పాత్రచిత్రణముతో ఆగక, ఈ మూడు త్రోవలను గూర్చి పిల్లలచే వాదము చేయించినచో అదియే మనస్తత్త్వపాఠమగును.

1895లో వినుకొండలో జన్మించిన గుఱ్ఱం జాషువ తన జీవితముననే ఈ సమస్యను విప్పి చూచుకొనెను. దారిద్ర్యమును, కులమతభేదమును తన ఇరువురు గురువులుగా ఆయన పేర్కొనెను. మొదటిది తనకు సహనమును నేర్పినదనియు, రెండవది ఎదిరించు శక్తిని పెంచినదే కాని తనను బానిసగా చేయలేదనియు తెలిపెను. ఓర్పును ఎదిరింపును పరస్పర శత్రువులుగా గాక, ఒకే మనిషిలోని రెండు చదువులుగా చూచిన దృష్టి అది. 1941 నాటి 'గబ్బిలము'న ఆయన కథానాయకుడు తన వేదనను దిగమ్రింగలేదు, ఎవరి తలయు పగులగొట్టలేదు. గుడిలోనికి తనకు లేని ప్రవేశము గబ్బిలమునకు కలదని గ్రహించి, కాశీవిశ్వనాథునకు దానిచే సందేశ మంపెను. బాధను మాటగా మార్చుట, ఆ మాటను వినవలసినవాని చెవికి చేర్చుట అను రెండు పనులును ఆ కావ్యమున కలవు.

మరల కారంచేడునకు. చంపబడినవారి బంధువులు, బ్రదికిన వాడవారు సమీపమున గల చీరాలకు తరలిపోయి అచ్చటి చర్చి ఆవరణమున శిబిరముగా నిలిచిరి. పెద్దలు, అధికారులు తిరిగి ఊరికి పొమ్మని చెప్పినను పోలేదు. చీరాలలోనే స్థిరపడిరి. పైపైన చూచినవారికి ఇది పలాయనముగా తోపవచ్చును. మనస్తత్త్వదృష్టితో చూచినచో ఇది ముఖ్యమైన మలుపు. అంతవరకు ప్రతి యింట విడివిడిగా దిగమ్రింగబడిన అవమానము ఆ శిబిరమున మొదటిసారి అందరి నడుమ చెప్పబడినది. ఒంటరిగా మోసిన బరువు సిగ్గు కలిగించును. పదిమందితో పంచుకొన్న బరువు న్యాయమును అడిగించును. ఆ యేడే అచ్చట ఆంధ్రప్రదేశ్ దళిత మహాసభ ఏర్పడినది. న్యాయవాది బొజ్జా తారకం, పొన్నూరున సంస్కృతోపన్యాసకుడుగా నుండిన కత్తి పద్మారావు దానికి నాయకత్వము వహించిరి. "దళితుడు" అను మాట తెలుగునాట ఇంటింటికి చేరినది అప్పుడే. తరువాతి పదేండ్లలో తెలుగు కవిత్వమున దళితస్వరము ప్రత్యేకధారయైనది. 1995లో వెలువడిన 'చిక్కనవుతున్న పాట' సంకలనము దానికి సాక్ష్యము. కోర్టు త్రోవ మాత్రము దీర్ఘమైనది. 23 ఏండ్ల పిదప, 2008 డిసెంబరులో సుప్రీంకోర్టు తీర్పుతో ఒకరికి యావజ్జీవశిక్షయు, 29 మందికి మూడేండ్ల శిక్షయు ఖరారైనవి.

ఆరేండ్ల తరువాత తెనాలి కడనున్న చుండూరున ఇదే కథ మరియొక విధముగా నడచినది. చుండూరు దళితులలో పలువురు చదువుకొన్నవారు, రైల్వే ఉద్యోగములు చేయువారు. 1991 జూలైలో సినిమాహాలున ఒక దళిత యువకుని కాలు ముందువరుసలోని పైకులపు యువకునకు తగిలినదని తగవు పుట్టినది. పట్టణపు సినిమాహాలున ఇట్టిది క్షమాపణతో ముగియును. అచ్చట అది ముగియలేదు. దళితులను పనికి పిలువరాదని కట్టుబాటు చేసి సాంఘిక బహిష్కారము విధించిరి. ఆగస్టు 6న ఎనమండుగురు దళితులను వెంటాడి చంపి, దేహములలో కొన్నిటిని గోనెసంచులలో కట్టి కాలువలో పడవైచిరి. అత్యాచార నిరోధక చట్టము 1989లో చేయబడి, 1990 జనవరి 30 నుండి అమలులో నుండగనే ఇది జరిగినది.

బ్రదికినవారు తమవారిని ఊరినడుమనే పాతిపెట్టి, ఆ చోటికి రక్తక్షేత్రమని పేరిడిరి. విచారణ తమ ఊరిలోనే జరుగవలెనని పట్టుబట్టిరి. నేరము జరిగిన గ్రామముననే ప్రత్యేక న్యాయస్థానము నెలకొల్పబడినది. 2007 జూలై 31న అది 21 మందికి యావజ్జీవమును, 35 మందికి ఒక్కొక్క యేడు శిక్షను విధించినది. 2014 ఏప్రిల్ 22న హైకోర్టు శిక్షలన్నిటిని కొట్టివేసినది. వ్యవహారము సుప్రీంకోర్టు గడప త్రొక్కినది. న్యాయము కొరకు పదునారేండ్లు ఓర్చి, లభించినదనుకొన్న దానిని మరి యేడేండ్లకు పోగొట్టుకొన్న కుటుంబముల మనఃస్థితిని "ఓర్పు" అను ఒక్క మాటతో చెప్పుటకు వీలులేదు. కారంచేడు, చుండూరు గ్రామములు రెండును 2022 ఏప్రిల్ నుండి బాపట్ల జిల్లాలో చేరినవి. జిల్లా పేరు మారినది. ప్రశ్న మారలేదు.

ఇంతవరకు దెబ్బతిన్నవారి మనసును గూర్చియే విచారణ. కొట్టినవారి మనసు విచారింపనిదే విషయము సగమే తెలియును. కారంచేడున ఎత్తినది ఒక బిందె. చుండూరున తగిలినది ఒక కాలు. రెండింటను ఎదుటివారికి ధననష్టము లేదు, ప్రాణభయము లేదు. నష్టమైనదేది? "వీడు నాతో సమానమా?" అను ప్రశ్నకు అంతవరకు అలవాటైన సమాధానము నష్టమైనది. హెన్రీ తాజ్‌ఫెల్ అను శాస్త్రజ్ఞుడు బ్రిస్టల్ నగరమున బాలురపై జరిపిన ప్రయోగములను 1970లో ప్రకటించెను. ఎవరికి ఏ చిత్రకారుని బొమ్మ నచ్చినది యను అల్పకారణముపై బాలురను రెండుగా విభజించి, నాణెములు పంచుమని చెప్పినంతట, పలువురు తమ జట్టునకు వచ్చు మొత్తము తగ్గినను సరే, ఎదుటి జట్టుకంటె తమకు ఎక్కువ రావలెనని కోరిరి. లాభముకంటె ఎచ్చుతనమే ప్రియమైనది. ఒక పూట పరిచయముగల జట్టులోనే ఇట్లుండగా, తరతరముల ఎచ్చుతనమునకు అలవాటుపడినవారికి సమానత్వము దోపిడివలె తోచుటలో ఆశ్చర్యము లేదు. అలవాటు నేరమునకు కారణమును తెలుపును గాని, నేరమును మన్నింపదు.

ఈ ఎచ్చుతనమునకు పల్లెలో పరువు అని పేరు. ఆ పరువు దానిని ధరించినవానిని కూడ కాల్చుచునేయున్నది. 1987-88లో ఈ సీమ పత్తిచేలపై తెల్లదోమ విరుచుకపడి, ఎన్ని మందులు కొట్టినను లొంగక, అప్పులు పెరిగినప్పుడు ప్రకాశం, గుంటూరు జిల్లాలలో రైతులు ఆత్మహత్యలకు పాల్పడిరి. పంటనష్టము, వడ్డీ, మందుల వెల ముఖ్యకారణములు. కాని అప్పులవాడు వాకిట నిలిచి నలుగురిలో మాట అన్నప్పుడు దానిని భరించుటెట్లో ఆ రైతునకు ఎవరును నేర్పలేదు. తన దుఃఖమును భార్యకును చెప్పుకొనలేని పరువది. కూలివానికి ఓర్పు నేర్పిన సమాజము రైతునకు ఓటమిని ఓర్చుట నేర్పలేదు. ఈ రెండు దుఃఖములు సమానములు కావు. చంపబడినవాని బాధను, పరువు పోయినవాని బాధను ఒకే త్రాసున తూచరాదు. ఐనను రెండింటికిని వేరు ఒక్కటే. ఆ వేరు మనిషి విలువ ఎదుటివాని తగ్గింపుపై ఆధారపడియున్నదను నమ్మకము.

కావున ఓర్పు నేర్వవలసినవారెవరు అను ప్రశ్నకు సమాధానము తలక్రిందులు కావలసియున్నది. ఇంతకాలము ఓర్పు బోధింపబడినది క్రిందివారికి. అది లోపించినది పైవారికి. "వలదు" అను ఒక్కమాట విని తట్టుకొనుట, క్షమాపణ అడుగుట, తనకంటె చిన్నవాడని తలచినవానిని "మీరు" అనుట, ఇవియును ఓర్పే. ఇవియును నేర్పిననే వచ్చును. నేర్పదగిన చోటు పాఠశాల.

ఆల్‌పోర్ట్ చెప్పిన నాలుగు నియమములు పల్లెలో ఒకచోట కూడవలెనన్న అది పాఠశాలలోనే సాధ్యము. తరగతిలో అందరి బల్లయు ఒకే ఎత్తు. లక్ష్యము ఒకే చదువు. అండగా నిలుచుటకు ఉపాధ్యాయుడు కలడు. ఐతే నేడు అనేక గ్రామములలో కలవారి పిల్లలు తెల్లవారుసరికి పసుపుపచ్చని బస్సులెక్కి పట్టణపు ప్రైవేటు పాఠశాలలకు పోవుచున్నారు. ప్రభుత్వ పాఠశాల మరల ఒక వాడవలె మిగులుచున్నది. పిల్లలు కలిసికొనుటకే చోటు లేనప్పుడు మెలిసియుండుట ఎట్లు నేర్తురు? పట్టణపు పాఠశాలయైనను, పల్లెపాఠశాలయైనను, తమ తరగతిలో ఎవరు లేరో గమనించుట ఉపాధ్యాయుని మొదటి పని.

ఉన్నవారితో చేయదగినవి చిన్నపనులే. తరగతి ఊడ్చుట, నీరు తెచ్చుట, హాజరుపట్టీ మోయుట అను పనులు వంతులవారీగా తిరుగవలెను. ఎప్పుడును ఒకరికే చీపురు, ఒకరికే హాజరుపట్టీ దక్కరాదు. 2003 నుండి రాష్ట్రమున బడులలో నడచుచున్న మధ్యాహ్నభోజనమున అందరును ఒకే వరుసన కూర్చుండుట గొప్ప ఆరంభము. కాని షెరిఫ్ బాలురు అన్నము విసరుకొనిన కథ మరువరాదు. పంక్తి ఒకటైనంతట పని ముగియదు. వండినవారిని పిల్లలు ఏ సర్వనామముతో పిలుచుచున్నారో వినవలెను. తోటపని, నాటకము, విజ్ఞానప్రదర్శనము వంటి, ఒకరు లేనిదే మరియొకరు పూర్తిచేయలేని పనులను మిశ్రమమైన జట్లకు అప్పగింపవలెను.

తెలుగు తరగతిలో మరియొక అభ్యాసము చేయింపవచ్చును. ఒకే సంఘటనను, ఉదాహరణకు సినిమాహాలున కాలు తగిలిన సంగతిని, కాలు తగిలినవాని నోటను, తగిలించినవాని నోటను రెండు లేఖలుగా ప్రతి విద్యార్థియు వ్రాయవలెను. ఎదుటివాని నోట "నేను" అని వ్రాయవలసివచ్చినప్పుడు మనసు కొంచెము కదలును. ఇందొక జాగ్రత్త కలదు. అవమానము పొందిన బాలుని లేవనెత్తి, నీ అనుభవము చెప్పుమని నలుగురిలో నిలబెట్టరాదు. అది మరియొక అవమానము. అతడు తానుగా చెప్పినప్పుడు మాత్రము "పోనీలే, ఓర్చుకో" అనక, ఏమి జరిగినదో పూర్తిగా విని, తప్పు చేసినవానిచే తప్పని పలికింపవలెను. తన మాట వినబడునను నమ్మకము కలిగిన బాలునకు దిగమ్రింగుటయు, పగబట్టుటయు అక్కరలేదు. తప్పని పలికినను తన తల తెగిపడలేదని తెలిసికొన్న బాలునకు పెద్దయైన పిదప ఎత్తిన బిందె ఆయుధముగా కనబడదు.

అప్పుడు నల్లబల్లపై ఆ సామెతను వ్రాయుటలో తప్పులేదు. "ఓర్చినమ్మకు తేటనీరు" అని వ్రాసి, దాని క్రింద పిల్లలను ఒక ప్రశ్న అడుగవలెను: చెరువును కలచుచున్న చేయి ఎవరిది? ఆ చేయి ఆగినప్పుడు గట్టుపైనున్నవారెవరును వేచియుండ నక్కరలేదు. నీరు తనంతట తేరును.